ఇల్లంతా పాట వినడానికి నెలనెలా అద్దె దేనికి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ టెక్నాలజీ పేజీలో ఇల్లంతా ఒకే పాట వినిపించే స్మార్ట్ స్పీకర్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఏ గదిలో ఏ స్పీకర్ పెట్టుకోవాలి, ఏ యాప్‌కి ఎంత కట్టాలి, అన్నీ వివరంగానే రాశారు. కానీ ఒక్క సంగతి అసలు ఎత్తలేదు. బీరువాలో ఉన్న సీడీలు, అటక మీదున్న క్యాసెట్లు, పాత హార్డ్‌డిస్కులో పడున్న ఎంపీ3లు, ఇవన్నీ మన పాటలే కదా. వాటిని ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టుకుని హాల్లోనూ వంటింట్లోనూ పై వాటాలోనూ ఒకేసారి వినొచ్చు, దానికి చందా అక్కర్లేదు, బయటి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. మా ఇంట్లో అలాగే నడుస్తోంది. ఈ ముక్క మీ వ్యాసంలో లేకపోవడం వల్లే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, వీలైతే కోయకుండా వేయండి.

ముందు చందాల సంగతి చెప్తాను. నేను కూడా ఒక యాప్‌కి కడతాను, కొత్త సినిమా పాటలకి అది సుఖమే, కాదనను. కానీ ఈరోజు అందులో ఉన్న పాట రేపు ఉంటుందన్న భరోసా లేదు. 2020లో గూగుల్ ప్లే మ్యూజిక్ మూసేశారు. 2024లో ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ మూతపడింది. అంతకుముందు ఏడాది, 2023 మార్చిలో, ఒప్పందం కుదరక స్పాటిఫైలో జీ మ్యూజిక్ వాళ్ళ పాటలు లేకుండా పోయాయి, జనం ఏళ్ళ తరబడి పేర్చుకున్న ప్లేలిస్టులకి పెద్ద పెద్ద కన్నాలు పడ్డాయి. డబ్బు కట్టినవాళ్ళని ఎవరూ అడగలేదు.

స్పీకర్లూ అంతే. 2022 జనవరిలో సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ వేసిన పేటెంట్ల కేసులో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ గూగుల్‌కి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, దాంతో అప్పటికే కొనుక్కుని ఇళ్ళలో పెట్టుకున్న గూగుల్ స్పీకర్లలో కూడా అన్ని గదుల సౌండ్ ఒకేసారి పెంచే, తగ్గించే సదుపాయాన్ని అప్‌డేట్ పేరుతో తీసేశారు. ఆ సోనోస్ వాళ్ళేమైనా తక్కువ తిన్నారా అంటే, 2024 మేలో వాళ్ళు వదిలిన కొత్త యాప్‌లో స్లీప్ టైమర్ లాంటి మామూలు సదుపాయాలు కూడా లేవు, గొడవ ముదిరి ముదిరి 2025 జనవరిలో సీఈవో దిగిపోయేదాకా వెళ్ళింది. వేలకి వేలు పోసి కొన్న వస్తువు రేపు ఎలా పనిచేయాలో ఎక్కడో ఎవరో నిర్ణయిస్తుంటే అది మన వస్తువు ఎలా అవుతుంది?

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న కథ ఒకటుంది, అదే నన్ను ఈ దారిలోకి లాక్కొచ్చింది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న అమెరికా కంపెనీ 2001లో ఇంటి నెట్‌వర్క్ మీద ఎంపీ3 పాటలు వాయించే పెట్టె ఒకటి తెచ్చింది. దాని తర్వాత వచ్చినవే స్క్వీజ్‌బాక్స్‌లు. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొనేసింది, 2012లో స్క్వీజ్‌బాక్స్‌ల అమ్మకం ఆపేసింది. మామూలుగా అయితే కథ అక్కడితో కంచికి వెళ్ళాలి. కానీ వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్, అంటే ఒక కంప్యూటర్‌లో కూర్చుని పాటలని గదులకి పంపేది, ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి మార్చుకోగలిగేది) కావడంతో వాడుకునేవాళ్ళే దాన్ని పట్టుకుని బాగుచేసుకుంటూ వచ్చారు. 2024లో లాజిటెక్ తన ఆన్‌లైన్ సేవని కూడా కట్టేసింది, ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే కొత్త పేరుతో కొనసాగుతోంది, 2012లోనే అమ్మకం ఆగిపోయిన పెట్టెలు ఇప్పటికీ పాడుతున్నాయి. మేము వాడేది అదే. స్క్వీజ్‌బాక్స్ ఉండాలని కూడా లేదు, స్క్వీజ్‌లైట్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే ఏ పాత కంప్యూటరైనా ఆ పెట్టెలాగే పనిచేస్తుంది.

ఇక ఏమేం కావాలంటే, సర్వర్‌గా ఒక పాత ల్యాప్‌టాప్ చాలు. స్క్రీన్ పగిలి మూలన పడేసినదైనా ఫర్వాలేదు. లేదంటే రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే కంప్యూటర్ దొరుకుతుంది, దానికి ఒక చిన్న యూఎస్‌బీ హార్డ్‌డిస్కు తగిలించుకుంటే రోజంతా ఆన్‌లో ఉన్నా నెలకి నాలుగైదు యూనిట్ల కరెంటే. ఇక పాట వినిపించాల్సిన ప్రతి గదిలో ఒక ప్లేయర్ ఉండాలి. దానికి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది, కాకపోతే దానికి ఆడియో జాక్ ఉండదు కాబట్టి డాక్ అనే, డిజిటల్ పాటని స్టీరియోకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న బోర్డు గానీ యూఎస్‌బీ సౌండ్ కార్డు గానీ తగిలించాలి. అక్కడినుంచి వైరు తీసుకెళ్ళి ఆక్స్ ఇన్‌పుట్ (బయటి నుంచి పాట అందుకునే రంధ్రం) ఉన్న ఏ పాత స్టీరియోకి గుచ్చినా పాడుతుంది. మా హాల్లో పాడుతున్నది మావారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న స్టీరియో, దాని సీడీ ప్లేయర్ ఎప్పుడో చచ్చిపోయింది, స్పీకర్లు మాత్రం ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ డబ్బాలకంటే ఎంతో బాగా పాడతాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని కూడా ప్లేయర్‌గా వాడొచ్చు గానీ దాన్ని ఇరవైనాలుగు గంటలూ ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది, నేనైతే వద్దంటాను.

సర్వర్ వేశాక ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టి, చివర 9000 అనే పోర్ట్ నంబరు పెడితే పాటల జాబితా వస్తుంది. ఏ గదిలో ఏ పాట అన్నది అక్కడే ఎంచుకోవచ్చు. రెండు గదుల్ని జత కలిపితే రెండు చోట్లా ఒకే పాట, విడదీస్తే పైన అత్తయ్యగారికి అన్నమయ్య కీర్తనలు, కింద పిల్లలకి వాళ్ళ గోల.

అసలు కష్టమంతా ఈ జత కలపడంలోనే ఉంది, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. హాల్లో స్పీకర్, వంటింట్లో స్పీకర్ ఒకే పాట పాడుతున్నాయనుకోండి. ఒకటి సెకనులో పదో వంతు వెనకబడినా గుమ్మం దగ్గర నిలబడితే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది, గుళ్ళో మైకులా ఉంటుంది. రెండూ ఒకే క్షణంలో మొదలుపెడితే సరిపోదా అంటే సరిపోదు. ప్రతి ప్లేయర్‌లోనూ దాని సొంత గడియారం ఉంటుంది, సీడీ నాణ్యత పాటలో సెకనుకి 44,100 శాంపిళ్ళని, అంటే శబ్దపు చిన్న చిన్న తునకల్ని, ఆ గడియారాన్ని చూసుకునే అది వాయిస్తుంది, ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకేలా నడవవు. పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉన్నా గంట గడిచేసరికి అది సెకనులో ఆరో వంతు దాటిపోతుంది. కచేరీ మొదట్లో కలిసి ఉన్న రెండు గదులు చివర్లో మృదంగం వాళ్ళ తని ఆవర్తనం వచ్చేసరికి ఎవరి దారి వాళ్ళు పడతాయన్నమాట. అందుకే సర్వర్ ప్రతి ప్లేయర్ ఎంతవరకూ వచ్చిందో అడుగుతూ, ముందుకెళ్ళినదాన్ని కాస్త ఆపుతూ, వెనకబడినదాన్ని ముందుకి జరుపుతూ ఉంటుంది. ఈ పని కోసమే రాసిన స్నాప్‌కాస్ట్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది, అది చెవికి తెలియకుండా ఒక్కో శాంపిల్‌ని తీసేస్తూ, కలుపుతూ సర్దుతుంది, తేడా మామూలుగా మిల్లీసెకనులో ఐదో వంతు కంటే తక్కువే ఉంటుందని దాన్ని రాసినవాళ్ళు చెబుతారు.

బ్లూటూత్ స్పీకర్లతో ఇది కుదరదు. ఒక్కో బ్లూటూత్ స్పీకర్ తనదైన ఆలస్యం చేస్తుంది, ఎంత ఆలస్యం చేస్తోందో సర్వర్‌కి సరిగ్గా తెలిసే దారి లేదు. టీవీ కింద పెట్టే సౌండ్‌బార్లు కూడా లోపల ఏదో ప్రాసెసింగ్ చేసి ఆలస్యంగా పలుకుతాయి గానీ ఆ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి లిరియన్‌లో ప్లేయర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇన్ని మిల్లీసెకన్లు అని చెప్పి సరిచేయొచ్చు. నేను చేసే పద్ధతి చెప్తాను. ఒక మృదంగం సోలో పెట్టండి, వీణ, వేణువు వద్దు, దెబ్బ స్పష్టంగా పడే వాద్యం కావాలి. రెండు గదుల మధ్య గుమ్మంలో, రెండు స్పీకర్లకీ సమాన దూరంలో నిలబడి ఫోన్‌లో ఆ అంకెని పదేసి చొప్పున మార్చుకుంటూ రండి. ముందు ఒక్కో దెబ్బ రెండుగా వినిపిస్తుంది, తర్వాత రెండూ దగ్గరికి జరిగి ఒకే దెబ్బ కాస్త ముద్దగా, తోలు మీద బట్ట వేసి కొట్టినట్టుగా పలుకుతుంది, ఇంకొంచెం జరిపితే ఉన్నట్టుండి ఆ ముద్దతనం పోయి మృదంగం మీద చాపు దెబ్బ ఖంగుమంటుంది. అక్కడ ఆపేయండి. మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

వై-ఫై గురించి భయపెట్టేవాళ్ళు ఎక్కువ. సీడీ నాణ్యత పాట ఒక గదికి పంపడానికి సెకనుకి ఒక మెగాబిట్ అటూ ఇటూ సరిపోతుంది, అంటే వేగం సమస్యే కాదు. సమస్యంతా సిగ్నల్ తెగిపోవడం. ఫైబర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు వైరు ఎక్కడిదాకా వస్తే అక్కడ, ఎక్కువగా టీవీ వెనకాల, రౌటర్ తగిలించి వెళ్ళిపోతాడు. మన ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు దాటి పైకి వెళ్ళేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసించిపోతుంది, 2.4 కాస్త నయం గానీ అపార్ట్‌మెంట్లలో పక్కవాళ్ళ వై-ఫైలన్నీ అందులోనే తిరుగుతుంటాయి. సర్వర్‌ని మాత్రం తప్పకుండా వైరుతోనే రౌటర్‌కి కలపండి, సగం చికాకు అక్కడే తగ్గిపోతుంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి నా మనవి ఒకటే. గోడల్లో కరెంటు పైపులు వేయించేటప్పుడే ప్రతి గదికీ ఇంకో ఖాళీ పైపు విడిగా వేయించండి, అందులో క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. కరెంటు వైర్లు ఉన్న పైపులోనే వద్దు, వేరేగా ఉండాలి. ప్లాస్టరింగ్ కాకముందు దీనికయ్యే ఖర్చు ఆ ఇంటి ఖర్చులో లెక్కలోకి రాదు, ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొట్టడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఎలక్ట్రీషియన్లు ఏసీ పాయింట్లు, గీజర్ పాయింట్లు అడుగుతారు గానీ ఇది అడగరు, మనమే చెప్పాలి.

కరెంటు కోతల సంగతి కూడా చూసుకోవాలి. రాస్ప్‌బెర్రీ పైలో సాఫ్ట్‌వేర్ మెమరీ కార్డు మీద ఉంటుంది, పాట నడుస్తుండగా ఠక్కున కరెంటు పోతే ఒక్కోసారి కార్డు పాడైపోయి మళ్ళీ మొదటినుంచీ వేసుకోవాల్సి వస్తుంది. పైకోర్‌ప్లేయర్ అని ప్లేయర్ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది ఆన్ చేయగానే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, కార్డుని దాదాపుగా ముట్టుకోదు, కాబట్టి గదుల్లో ప్లేయర్లని స్విచ్ దగ్గరే ఆపేసినా ఫర్వాలేదు. సర్వర్‌ని, రౌటర్‌ని మాత్రం ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోండి, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి, అప్పుడు కరెంటు మారేటప్పుడు అవి రీస్టార్ట్ కావు. ఎక్కడో ఫైబర్ తెగి ఇంటర్నెట్ పోయిన రోజు కూడా మా ఇంట్లో పాట ఆగదు, ఎందుకంటే అది వచ్చేది పక్క గదిలోంచే.

ఇంత శ్రమ దేనికి, అన్నీ యాప్‌లోనే ఉన్నాయి కదా అంటారు. అన్నీ లేవు. మా నాన్నగారు పొద్దున్నే రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్న విజయవాడ కేంద్రం భక్తిరంజని పాటలు ఏ యాప్‌లోనూ లేవు. అందులో ఒక పాట మధ్యలో మా అమ్మ కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు పాడిన అప్పగింతల పాటలు, మంగళహారతులు, ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథ, నాటకాల పద్యాలు, ఇలాంటివి ఎన్ని తెలుగు ఇళ్ళలో క్యాసెట్ల రూపంలో ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. వాటికి కంపెనీ లేదు, మార్కెట్ లేదు, వాటిని ఎక్కించాల్సింది మనమే.

క్యాసెట్ ఎక్కించడానికి ఓపిక కావాలి, అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలూ పడుతుంది. ముందు టేప్‌రికార్డర్ హెడ్‌నీ రబ్బరు రోలర్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి, గోధుమరంగు మడ్డి వస్తుంది, దూది తెల్లగా వచ్చేదాకా తుడవండి. క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పితే అతుక్కున్న పొరలు వదులవుతాయి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం నడపకండి, ఆ బూజు హెడ్‌కి అంటి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే గొంతు పగిలిపోతుంది, లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోండి. రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. టేపు హిస్ (వెనక వినిపించే బుస శబ్దం) తీసేసే సదుపాయం కూడా అందులోనే ఉంది గానీ రికార్డు చేసినదాన్ని ఉన్నదున్నట్టు ఒక కాపీ దాచి, ఇంకో కాపీ మీదే ఆ ప్రయోగాలు చేయండి, హిస్‌తోపాటు మనిషి గొంతులోని జీరని కూడా అది తీసేస్తుంది.

సీడీలు చాలా తేలిక. ఎంపీ3గా కాకుండా ఫ్లాక్ అనే ఫైలు రకంగా దింపుకోండి, నాణ్యత ఏమాత్రం తగ్గదు, ఒక్కో సీడీకి మూడు నాలుగు వందల మెగాబైట్లు పడుతుంది, 1 టీబీ డిస్కులో రెండు వేలకి పైగా సీడీలు పడతాయి. అన్ని సీడీలున్న ఇల్లు నాకైతే తెలియదు.

పేర్లు రాసుకోవడమే అసలైన చాకిరీ. దింపిన ఎంపీ3ల్లో సినిమా పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరుంటుంది. సుశీల గారి పేరు ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటే సర్వర్‌కి నలుగురు సుశీలలు కనిపిస్తారు. తెలుగు లిపిలోనే రాసుకోండి, ఆ గొడవ పోతుంది, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో వెతికితే దొరుకుతాయి. సినిమా పాటలకి ఆల్బమ్ ఆర్టిస్ట్ అన్న చోట సంగీత దర్శకుడి పేరు పెట్టండి, లేకపోతే ఒకే సినిమాలోని పాటలు పాడినవాళ్ళ పేర్ల కింద ముక్కలుముక్కలుగా చెల్లాచెదురవుతాయి. కర్ణాటక సంగీతానికి నేను జానర్ అన్న చోట రాగం పేరు పెడతాను, ఇప్పుడు మోహన అని నొక్కితే ఇంట్లో ఉన్న మోహన రాగం కీర్తనలన్నీ, బాలమురళి గారివైనా ఇంకెవరివైనా, ఒక వరసలో వస్తాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత డేటాబేస్‌లో కర్ణాటక కీర్తనలకి రాగం, తాళం విడిగా రాసే ఏర్పాటే ఉంది. బార్సిలోనాలోని ఒక యూనివర్సిటీ 2011లో మొదలుపెట్టిన కంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు వాళ్ళు ఆ పనిలో ఎంతో శ్రమపడ్డారు. అంత దూరంలో ఉన్నవాళ్ళు త్యాగరాజ కీర్తనల వివరాలు కూర్చుకుంటే, మనం మన ఇంటి క్యాసెట్ మీద పాట పేరైనా రాసి పెట్టుకోవద్దా?

సొంత సీడీని సొంతంగా వినడానికి కాపీ చేసుకోవడం తప్పా అని మా అమ్మాయి అడిగింది. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 సొంత వాడకానికి చేసే సముచిత వినియోగానికి మినహాయింపు ఇచ్చింది. దాన్ని ఊరందరికీ పంచడం వేరే సంగతి, అది చేయకండి.

ఇంకో జాగ్రత్త. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా వింటారని రౌటర్‌లో పోర్ట్ తెరిచేసి సర్వర్‌ని బయట పెట్టకండి. లిరియన్‌కి మొదట్లో పాస్‌వర్డ్ ఏమీ ఉండదు, దారినపోయే ఎవడైనా లోపలికి రావచ్చు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద మనకోసం వేసుకునే సొంత దారి, పెట్టుకుంటే మన ఇంట్లోవాళ్ళ ఫోన్లకి మాత్రమే అది కనిపిస్తుంది. అలాగే రెండో హార్డ్‌డిస్కు మీద కాపీ తప్పనిసరి, వీలైతే దాన్ని వేరే ఇంట్లో ఉంచండి. మా కాపీ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది, సంక్రాంతికి తెచ్చి కొత్తవి కలిపి మళ్ళీ పంపిస్తాను.

మీ పత్రికకి నా విన్నపం ఇదీ. ఈ పనులు ఎలా చేసుకోవాలో చెప్పేవి దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పాటల మీద ప్రేమ ఉన్న రిటైరైన మేష్టార్లకి, ఇంటి పట్టున ఉండే ఆడవాళ్ళకి అర్థమయ్యేలా మీ టెక్నాలజీ పేజీలో వారానికొక భాగం చొప్పున బొమ్మలతో వేయండి. క్యాసెట్లు ఎక్కించడం గురించి ముందు వేయండి, ఎందుకంటే సర్వర్ వచ్చే ఏడాదైనా పెట్టుకోవచ్చు గానీ మా ఊళ్ళో టేప్‌రికార్డర్ బెల్టు మార్చే మెకానిక్ ఇప్పుడు ఒక్కరే మిగిలారు, ఆయన కూడా కొట్టు తీసేస్తానంటున్నారు. రాయడానికి మనిషి కావాలంటే చెప్పండి, నేను రాసిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ